మర్దన వృత్తికి లైసెన్సు: ఎవరి రక్షణ కోసం, ఏ దారిలో?

హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో ఇప్పుడు స్పా బోర్డు లేని పెద్ద వీధి అరుదు. మాల్‌లో పాదాలకు మసాజ్ చేసేవాళ్ళున్నారు, స్టార్ హోటళ్ళలో థెరపిస్టులున్నారు, ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొచ్చి చేసి వెళ్ళేవాళ్ళున్నారు, ప్రకృతి వైద్యశాలల్లో రోజంతా నూనె చేతులతో నిలబడి పనిచేసేవాళ్ళున్నారు. ఇంతమంది బతుకుతున్న ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టాలనుకునే ఒక యువతి, "ఈ పని పద్ధతిగా నేర్చుకుంటాను, చట్టం ఒప్పుకునే అర్హత తెచ్చుకుంటాను, లైసెన్సు ఎవరిస్తారు?" అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. మందులషాపులో కూర్చునే ఫార్మసిస్టుకు రిజిస్ట్రేషన్ ఉంది. ఆటో నడిపే మనిషికి లైసెన్సు ఉంది. సాటి మనిషి మెడ మీద, వెన్ను మీద చేతులు వేసి బలం పెట్టే మనిషికి మాత్రం ఏమీ లేదు.

ఇది కాగితాలకు సంబంధించిన చిన్న లోటు కాదు. అర్హత లేనివాడి చేతిలో ఒళ్ళు పాడైన గిరాకీకి అడిగే చోటు లేదు. పని నిజంగా వచ్చిన మనిషికి తాను పనిమంతుడినని రుజువు చేసుకునే దారి లేదు. స్పాపై పోలీసు దాడి జరిగిందంటే తప్పు చేసినవాళ్ళూ, నిజాయితీగా పనిచేసుకునేవాళ్ళూ ఒకే వరసలో నిలబడాల్సి వస్తోంది.

మర్దన వృత్తిని దేశాలు ఎలా నియంత్రిస్తున్నాయో చూస్తే ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. పని చేసే మనిషికి చదువు చెప్పి, పరీక్ష పెట్టి, పేరు నమోదు చేసి బాధ్యత అప్పగించడం ఒకటి. పని జరిగే గదికి అనుమతి ఇచ్చి దాని తలుపుల మీద నిఘా పెట్టడం రెండోది. మొదటి దారి పట్టిన చోట వృత్తికి గౌరవం కుదిరింది. రెండోదానితోనే సరిపెట్టుకున్న చోట అనుమానం ఒక్కటే పెరిగింది. మనం ఇంకా రెండో దారిలోనే ఉన్నాం.

ఒంటి మీద చెయ్యి వేయడానికి అర్హత ఎందుకు?

తలంటు పోయడానికీ, పసిబిడ్డకు నూనె రాయడానికీ లైసెన్సు ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఇంట్లో జరిగే ఆ పనుల జోలికి ఏ చట్టమూ పోనక్కరలేదు. కానీ డబ్బు తీసుకుని, ముక్కూమొహం తెలియని మనిషి ఒంటికి బలంగా మర్దన చేయడం వేరే సంగతి.

ఒక ఉదాహరణ. గిరాకీ వచ్చి "రెండ్రోజులుగా ఎడమ పిక్క పట్టేసింది, గట్టిగా నొక్కండి" అంటాడు. చూస్తే ఆ ఒక్క కాలే వాచి ఉంది, తాకితే వేడిగా ఉంది. ఈ మధ్యే ఆపరేషనై మంచం మీద ఉన్నాడు, లేదా గంటల తరబడి కదలకుండా ప్రయాణం చేసి వచ్చాడు. శిక్షణ పొందిన మనిషి ఆ కాలిని ముట్టుకోడు, నేరుగా ఆసుపత్రికి పంపిస్తాడు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం తీయగలదు. శిక్షణ లేని మనిషి గిరాకీ అడిగినట్టే గట్టిగా నొక్కుతాడు. ఇక్కడ చేతి బలం కంటే, ఎప్పుడు చెయ్యి వేయకూడదో తెలియడం ముఖ్యం.

మెడ సంగతీ అంతే. 2022లో హైదరాబాదులో ఒక బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటున్న మహిళకు పక్షవాతం లక్షణాలు కనిపించాయి. ఆమెకు చికిత్స చేసిన న్యూరాలజిస్టు ఆ విషయాన్ని అందరికీ తెలిసేలా రాశారు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని మెడ వంపు దగ్గర నొక్కుకుపోతే ఇలా జరుగుతుందని అమెరికా వైద్య పత్రికల్లో 1993లోనే వచ్చింది. మరి క్షౌరం అయ్యాక మెడ పట్టుకుని టక్కున తిప్పే అలవాటు మన సెలూన్లలో ఇప్పటికీ ఉంది.

ఆరోగ్యం ఒక కారణమైతే సమ్మతి రెండో కారణం. ఒంటిని దుప్పటితో కప్పి, పని జరిగే భాగం మాత్రమే తెరవాలి. ఎక్కడ చెయ్యి వేయబోతున్నదీ ముందే చెప్పాలి. వద్దంటే అక్కడితో ఆపాలి. ఇవి మర్యాదలే కాదు, నేర్పించి పరీక్షించాల్సిన పాఠాలు. మూడో కారణం పని చేసే మనిషి భద్రత. గిరాకీ హద్దు మీరితే పని ఆపి బయటికి వచ్చే హక్కు థెరపిస్టుకు ఉండాలి. ఆ హక్కు వెనక వృత్తి నియమావళీ, దాన్ని నిలబెట్టే బోర్డూ లేకపోతే, యజమాని మాటే చట్టమవుతుంది.

అపవాదు నుంచి పుట్టిన గౌరవం

మసాజ్ పేరు చెప్పగానే వేరే అర్థం తీయడం మన దగ్గర మొదలైంది కాదు. 1894లో లండన్‌లో మసాజ్ పేరుతో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. నిజంగా రోగులకు మర్దన చేసే నర్సులకు తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు లూసీ రాబిన్సన్, రోసలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు కలిసి అదే ఏడాది శిక్షితులైన మసాజ్ నర్సుల సంఘం పెట్టారు. పోలీసుల్ని పిలిచి గదులు మూయించమని వాళ్ళు అడగలేదు. తమకు తామే పరీక్ష పెట్టుకున్నారు. డాక్టరు సూచన లేకుండా పని చేయకూడదనీ, మామూలు పత్రికల్లో ప్రకటనలు వేయకూడదనీ, మందులు అమ్మకూడదనీ నియమాలు రాసుకున్నారు.

ఆ సంఘానికి 1920లో రాజ శాసనం దక్కింది. 1944లో అది చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీగా పేరు మార్చుకుంది. ఈ రోజు మన ఊళ్ళలో మోకాలి ఆపరేషన్ తర్వాత నడిపించే ఫిజియోథెరపిస్టు వృత్తి మూలాల్లో ఒకటి ఆ నలుగురు మహిళల పట్టుదలలో ఉంది. వృత్తి మీద పడిన మచ్చ చదువుతో, పరీక్షతో, క్రమశిక్షణతో పోయింది. ఈ ప్రశ్న మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన పాఠం ఇదే.

అమెరికా: గంటల లెక్క, పరీక్ష, వేలిముద్రలు

అమెరికాలో దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. 1915 నాటికే ఒహాయో మసాజ్‌ను తన వైద్య మండలి కిందికి తెచ్చింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి. కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్ర లైసెన్సు లేదు. 2008లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన ఒక మండలి 500 గంటల శిక్షణ చూసి స్వచ్ఛంద సర్టిఫికెట్ ఇస్తుంది.

తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్‌నే దగ్గరగా చూద్దాం. అక్కడ 500 గంటల చదువు తప్పనిసరి. అందులో మర్దన పద్ధతులకూ సిద్ధాంతానికీ 200 గంటలు, శరీర నిర్మాణానికి 50, శరీర క్రియలకు 25, కదలికల శాస్త్రానికి 50, రోగ లక్షణాలకు 40, జల చికిత్సకు 20, చట్టం, వ్యాపార పద్ధతులు, నైతిక నియమాలకు 45, పరిశుభ్రత, ప్రథమ చికిత్సలకు 20, పర్యవేక్షణలో గిరాకీలకు పని చేసే ఇంటర్న్‌షిప్‌కు 50. అంటే దాదాపు సగం సమయం చేతి పనికి కాక, ఆ పని వెనక ఉండే తెలివికీ బాధ్యతకూ పోతోంది. ఆ తర్వాత పరీక్ష, రాష్ట్ర చట్టాల మీద మరో పరీక్ష, వేలిముద్రలతో నేరచరిత్ర పరిశీలన. లైసెన్సు వచ్చాక కూడా రెండేళ్ళకోసారి 12 గంటల అదనపు చదువు చూపించి పునరుద్ధరించుకోవాలి.

ఎక్కువ రాష్ట్రాలు ఒప్పుకునే పరీక్ష పేరు ఎంబ్లెక్స్. రాష్ట్ర బోర్డులు 2005లో కలిసి పెట్టుకున్న సమాఖ్య 2007లో దీన్ని తెచ్చింది. కంప్యూటర్ మీద 110 నిమిషాల్లో 100 ప్రశ్నలు రాయాలి. 630 మార్కుల స్థాయి అందుకుంటే పాస్. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాయొచ్చు. ప్రశ్నల బరువు ఎటు మొగ్గిందో చూస్తే ఆ వృత్తి దేన్ని ముఖ్యమనుకుంటోందో తెలుస్తుంది. గిరాకీ పరిస్థితిని అంచనా వేయడానికి 17 శాతం, నైతిక నియమాలకూ హద్దులకూ 16 శాతం, రోగాలకూ మర్దన చేయకూడని సందర్భాలకూ 14 శాతం. శరీర నిర్మాణానికి దక్కింది 11 శాతమే.

ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. టెక్సస్‌లో 500 గంటలు చాలు, న్యూయార్క్‌లో 1000 గంటలు కావాలి. రాష్ట్రం మారితే బతుకు మళ్ళీ మొదటికి రావచ్చు. ఈ చిక్కు విప్పడానికి రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి తయారైంది. 625 గంటల చదువూ, జాతీయ పరీక్షా ఉన్నవాళ్ళు సభ్య రాష్ట్రాల్లో ఎక్కడైనా పని చేసుకోవచ్చు. ఏడు రాష్ట్రాలు చట్టం చేస్తే అది అమల్లోకి వస్తుంది. 2023లో నెవాడా మొదట చేరింది. ఇక ఖర్చు. పరీక్ష ఫీజే 265 డాలర్లు, బడి ఫీజులు వేల డాలర్లు. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చే వలస మహిళలకు ఇది ఎత్తైన గడప. ఆ గడప దాటలేనివాళ్ళకు దొంగ సర్టిఫికెట్లు అమ్మే బడులూ పుట్టుకొచ్చాయి.

లైసెన్సు ఉన్నంత మాత్రాన అపవాదు పోదని కూడా అమెరికాయే చూపించింది. 2021 మార్చి 16న అట్లాంటా ప్రాంతంలో మూడు స్పాల మీద కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఆరుగురు ఆసియా మూలాలున్న మహిళలు. ఆ స్త్రీలేం పని చేసేవాళ్ళన్న గుసగుసలు వాళ్ళ చావు తర్వాత కూడా ఆగలేదు. కాగితం ఇచ్చి ఊరుకుంటే చాలదు, ఆ పని మీద సమాజం చూపూ మారాలి.

అంచెలంచెలుగా అర్హత

జర్మనీ రెండు పనుల్ని విడదీసింది. 1994 నాటి చట్టం ప్రకారం వైద్య సంబంధమైన మసాజ్ చేయాలంటే రెండేళ్ళ చదువు, ఆరు నెలల ఆచరణ శిక్షణ కావాలి. హాయి కోసం చేసే మసాజ్‌కు అంత పట్టింపు లేదు. కెనడాలో ఆంటారియో 1919 నుంచీ ఈ వృత్తిని నమోదు చేస్తోంది. అక్కడ రిజిస్టర్డ్ మసాజ్ థెరపిస్టు అనే పేరు అర్హత ఉన్నవాళ్ళే పెట్టుకోవాలి.

థాయ్‌లాండ్ అనుభవం మనకు మరింత దగ్గర. బ్యాంకాక్‌లోని వాట్ పో ఆలయం గోడల మీద మర్దన స్థానాలు చెక్కిన పాత పలకలున్నాయి, ఆ ఆవరణలోనే 1955లో బడి పెట్టారు. 2016లో చేసిన చట్టం స్పా యజమానికీ, మేనేజరుకూ, మర్దన చేసే మనిషికీ విడివిడిగా అర్హతలు పెట్టింది. ఆరోగ్యం కోసం చేసే మామూలు మర్దనకు 150 గంటల కోర్సు చాలు. వైద్యంగా చేసేవాళ్ళకు ఎన్నో రెట్లు ఎక్కువ చదువు. 2019లో థాయ్ మర్దనను యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంప్రదాయాన్ని వదులుకోకుండానే దాన్ని చట్టబద్ధమైన వృత్తిగా మలచుకోవచ్చని వాళ్ళు చూపించారు.

చూపు లేనివారి హక్కుగా లైసెన్సు

జపాన్, దక్షిణ కొరియాల్లో ఈ ప్రశ్నకు వేరే లోతు ఉంది. జపాన్‌లో మర్దన తరతరాలుగా అంధుల జీవనోపాధి. 17వ శతాబ్దంలో అంధుడైన సుగియామా వాయిచి సూది వైద్యంలో నిపుణుడై, చూపు లేనివాళ్ళకు బడులు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఆక్రమణ పాలకులు ఈ వృత్తుల్ని తీసేయాలని చూస్తే అంధులు ఎదురు తిరిగి నిలబెట్టుకున్నారు. 1947లో చట్టం వచ్చింది. మూడేళ్ళ చదువూ, జాతీయ పరీక్షా ఇప్పుడు తప్పనిసరి. చూపు ఉన్నవాళ్ళ కోసం కొత్త మసాజ్ బడులకు అనుమతి నిరాకరించే అధికారం 1964 నుంచీ ప్రభుత్వానికుంది. అది రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2022 ఫిబ్రవరిలో జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది.

కొరియా ఇంకా ముందుకెళ్ళింది. అక్కడ మసాజ్ లైసెన్సు చూపు లేనివాళ్ళకే. 2006 మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఈ నియమాన్ని కొట్టేసింది. దాంతో అంధ మసాజ్ పనివాళ్ళు రోడ్డెక్కారు. కొందరు సియోల్‌లోని మాపో వంతెన మీంచి హాన్ నదిలోకి దూకారు. కొన్ని నెలల్లోనే పార్లమెంటు ఆ రక్షణను నేరుగా వైద్య చట్టంలోకి చేర్చింది. 2008 అక్టోబరులో అదే న్యాయస్థానం దాన్ని సమర్థించింది. చూపు ఉన్నవాళ్ళ వృత్తి స్వేచ్ఛ కంటే, వేరే పని దొరకని అంధుల బతుకు హక్కు ఇక్కడ బరువైనదని తీర్పు సారం. అయినా లైసెన్సు లేని మసాజ్ దుకాణాలు ఆ దేశమంతటా నడుస్తూనే ఉన్నాయి. పూర్తి గుత్తాధిపత్యం కాగితం మీద నిలిచినంత బలంగా వీధిలో నిలవదు. కానీ ఒక లైసెన్సు సామాజిక న్యాయానికి కూడా పనిముట్టు కాగలదన్న ఆ ఆలోచనను మనం వదులుకోకూడదు.

మన దేశంలో: అర్హత ఒకరిది, నిఘా మరొకరిది

భారతదేశంలో మసాజ్ థెరపిస్టుకు జాతీయ లైసెన్సు లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజియోథెరపిస్టులకు చోటు దొరికింది. స్పా థెరపిస్టు కోర్సులకు బ్యూటీ, వెల్‌నెస్ రంగపు నైపుణ్య మండలి సర్టిఫికెట్లు ఉన్నాయి. అవి ఉద్యోగానికి పనికొస్తాయి. కానీ అవి లేకుండా పని చేయకూడదనే నియమం లేదు, తప్పు చేస్తే వాటిని రద్దు చేసే బోర్డూ లేదు.

కేరళ కొంత దారి వేసింది. అక్కడి పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలకు గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అనే గుర్తింపులు పెట్టింది. అర్హతగల వైద్యుల పర్యవేక్షణ, శిక్షణ పొందిన మర్దనకారులు, మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు అనే షరతులు విధించింది. ఇదీ కేంద్రానికి ఇచ్చే గుర్తింపే, మనిషికి ఇచ్చేది కాదు.

మిగతా చోట్ల పెత్తనమంతా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సుదీ, పోలీసులదీ. ఢిల్లీ ప్రభుత్వం 2021లో ఆడవారు మగవారికీ, మగవారు ఆడవారికీ మసాజ్ చేయకూడదని మార్గదర్శకాలు తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ నిషేధం అమలును ఆపింది. అదే మార్గదర్శకాలు పనివాళ్ళకు ఫిజియోథెరపీ, ఆక్యుప్రెషర్, ఆక్యుపేషనల్ థెరపీ అర్హతలు ఉండాలన్నాయి. మర్దన చేసే మనిషిని పక్క వృత్తుల సర్టిఫికెట్ అడగడమంటే ఈ పనికంటూ సొంత అర్హత లేదని ఒప్పుకోవడమే. మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి 2021లో స్పాల లోపల సీసీ కెమెరాలు పెట్టాలన్నారు. 2022 జనవరిలో అదే కోర్టు మదురై బెంచిలో మరో న్యాయమూర్తి, అది 2017లో సుప్రీంకోర్టు గుర్తించిన గోప్యత హక్కుకు విరుద్ధమన్నారు. మసాజ్ బల్ల మీద పడుకున్న మనిషి మీద కెమెరా తిప్పడం రక్షణ కాదు. లోపల ఎవరున్నారో, వాళ్ళకు ఏం వచ్చో తెలుసుకునే దారి లేనప్పుడే ఇలాంటి ఆలోచనలు పుడతాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏం చేయవచ్చు?

వృత్తులకు సంబంధించిన చట్టాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా 26వ అంశం కిందికి వస్తాయి. కేంద్రం కోసం ఎదురుచూడకుండా రాష్ట్రాలు చట్టం చేసుకోవచ్చు. పారామెడికల్ సిబ్బంది కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే బోర్డు చట్టం చేసింది. ఆ బాటలోనే మర్దన వృత్తికి ఒక నమోదు మండలి పెట్టవచ్చు. అందులో వైద్యులూ, అధికారులూ మాత్రమే కాకుండా పని చేసేవాళ్ళూ, ముఖ్యంగా స్త్రీలూ సభ్యులుగా ఉండాలి.

అర్హత రెండు అంచెలుగా ఉంటే మంచిది. హాయి కోసం చేసే మర్దనకు థాయ్ పద్ధతిలో 150 నుంచి 200 గంటల శిక్షణ చాలు. నొప్పులకూ, జబ్బులకూ వైద్యంగా చేసేవాళ్ళకు అంతకు మించిన చదువూ, వైద్యుల పర్యవేక్షణలో ఆచరణా కావాలి. అమీర్‌పేటలోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల వంటి చోట్ల వైద్యులకు ఐదున్నరేళ్ళ డిగ్రీ ఉంది. వాళ్ళు రాసిన చికిత్సను చేతులతో నిజంగా చేసే సహాయకుల శిక్షణకు కూడా ప్రభుత్వ ముద్ర ఉండాలి.

మన ఊళ్ళలో ఈ పని తరతరాలుగా ఎవరు చేశారన్నది మరిచిపోకూడదు. బాలింతలకు ఒళ్ళు పట్టి, పసిబిడ్డ కాళ్ళూచేతులూ సాగదీసి నీళ్ళు పోసింది మంత్రసానులు. తల మర్దన చేసింది నాయీబ్రాహ్మణులు. పదో తరగతి పాసైతేనే లైసెన్సు అంటే వాళ్ళ పనిని వాళ్ళ చేతుల్లోంచే లాక్కున్నట్టవుతుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి గుర్తించే పద్ధతి ఇప్పటికే ఉంది. దాన్ని ఇక్కడికి తెచ్చి, పరీక్ష తెలుగులో, నోటితోనూ చేతితోనూ పెట్టాలి. ఆ మంత్రసాని పిక్క వాపు చూసి చెయ్యి వెనక్కి తీసుకోవాలని నేర్చుకుంటే చాలు, ఆమెకు వ్యాసం రాయడం రానక్కరలేదు. చూపు లేనివారికి ప్రత్యేక శిక్షణ కేంద్రాలు, ఫీజు మినహాయింపు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొన్ని ఉద్యోగాలు కేటాయించవచ్చు. కొరియాలా మిగతావాళ్ళకు తలుపు మూయనక్కరలేదు.

బోర్డు ఉంటే పోలీసుల పని కూడా మారుతుంది. తనిఖీకి వెళ్ళినప్పుడు ముందు చూడాల్సింది లైసెన్సు. నేరం జరిగిందంటే చట్టం ఎలాగూ ఉంది. కానీ గదిలో ఉన్న ప్రతి స్త్రీనీ నిందితురాలిగా చూడడం ఆగాలి. దాడుల్లో పట్టుబడ్డ సెక్స్ వర్కర్ల ఫోటోలూ, గుర్తింపూ బయటపెట్టకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. స్పాలో మర్దన చేసే అమ్మాయికి ఆ మాత్రం గౌరవం దక్కకపోవడం అన్యాయం. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం గిరాకీలకూ వర్తిస్తుంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల నుంచి వచ్చే ఫిర్యాదులు జిల్లా స్థాయి కమిటీ వినాలి. ఆ సంగతి ప్రతి స్పాలో తెలుగులో రాసి పెట్టించడం కొత్త బోర్డు మొదటి వారంలోనే చేయగల పని.

లైసెన్సు రాజ్ భయం

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్రతి పనికీ లైసెన్సంటే లంచాలు పెరుగుతాయి, బీదవాళ్ళకు దారి మూసుకుపోతుంది. అమెరికాలో 1950ల్లో ఇరవైమందిలో ఒకరికి రాష్ట్ర లైసెన్సు కావాల్సి వచ్చేది, ఇప్పుడు నలుగురిలో ఒకరికి పైగా కావాలి. అందులో చాలావాటి వల్ల ప్రజలకు మేలేమీ జరగలేదనే ఆర్థికవేత్తలున్నారు. ఈ హెచ్చరిక నిజం. అందుకే ఫీజు తక్కువగా, గంటలు అవసరమైనన్ని మాత్రమే, పరీక్ష మన భాషలో, దరఖాస్తు మీసేవలో ఉండాలి. రద్దు చేసే అధికారానికి అప్పీలు ఉండాలి.

కానీ ఇప్పుడు లైసెన్సు లేకపోవడం వల్ల బీదవాళ్ళకు స్వేచ్ఛ దక్కలేదన్నది గుర్తుంచుకోవాలి. వాళ్ళు యజమాని దయ మీద, ఠాణా దయ మీద బతుకుతున్నారు. ఎవరూ ఇవ్వని అర్హతను ఎవరికీ చూపించలేని స్థితి స్వేచ్ఛ కాదు. లండన్‌లో నలుగురు నర్సులు ప్రభుత్వం కంటే ముందే తమ పరీక్ష తామే పెట్టుకున్నారు. ఇక్కడి థెరపిస్టులూ, శిక్షణ సంస్థలూ, ప్రకృతి వైద్యులూ కలిసి ఒక నియమావళి, ఒక ఉమ్మడి పరీక్ష రూపొందించి శాసనసభ ముందు పెడితే, చట్టం చేయకుండా వాయిదా వేయడానికి రెండు ప్రభుత్వాలకూ ఏ సాకూ మిగలదు.